గాల్ బ్లాడర్ ఆపరేషన్‌లో పైత్యనాళానికి దెబ్బ తగిలితే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా, గాల్ బ్లాడర్ తీయించుకున్నవాళ్ల ఇళ్ల నుంచి అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అందుకే ఒకచోట చేర్చాం. ఏ జవాబుకా జవాబు పూర్తిగా ఉంటుంది, మీకు కావలసిన దగ్గర నుంచే చదువుకోండి. మందుల మోతాదులు మాత్రం మీ డాక్టరుగారే చెప్పాలి.

## ఆపరేషన్‌కు ముందు

గాల్ బ్లాడర్ తీస్తే పక్కనున్న నాళానికి దెబ్బ ఎందుకు తగులుతుంది?

కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారుచేస్తుంది. అది పెద్ద నాళం (పైత్యనాళం) గుండా చిన్నపేగులోకి దిగుతుంది. గాల్ బ్లాడర్ ఆ దారి పక్కన వేలాడే సంచి. సంచిని నాళానికి కలిపే సన్నని కాడ ఒకటి ఉంటుంది, దాన్ని సిస్టిక్ డక్ట్ అంటారు. సర్జన్ కోయవలసింది ఆ కాడనే. వాపు ఎక్కువై అన్నీ అతుక్కుపోయినప్పుడు సంచి కిందకి లాగబడి, పెద్ద నాళమే కాడలా కనబడుతుంది. దానికే క్లిప్పులు వేసి కోసేయడం అన్నిటికన్నా పెద్ద దెబ్బ. మామూలు మనిషిలో పెద్ద నాళం వెడల్పు సుమారు 6 మిల్లీమీటర్లే అని గుర్తుంచుకుంటే, ఎంత తేలిగ్గా పొరపాటు జరగొచ్చో తెలుస్తుంది.

చిన్న దెబ్బలూ ఉన్నాయి. కాడకు వేసిన క్లిప్పు జారి పైత్యరసం కారడం, కాలేయం నుంచి నేరుగా సంచి పడకలోకి వచ్చే సన్నని నాళం తెగడం ఆ కోవలోవి. కరెంటు పరికరం వేడికి నాళం గోడ కమిలితే ఆ రోజు ఏమీ తెలియదు, వారాలో నెలలో గడిచాక అక్కడ సన్నబడుతుంది.

చిన్న కన్నాల గుండా చేసే కెమెరా ఆపరేషన్లలో పెద్ద నాళానికి దెబ్బ తగిలేది వెయ్యి మందిలో 3 నుంచి 5 మందికి. దీనికి భయపడి రాళ్లతో నొప్పి వస్తున్నా ఆపరేషన్ మానుకోవడం సరికాదు.

ఆపరేషన్‌కి ఒప్పుకునే ముందు సర్జన్‌గారిని ఏం అడగాలి?

రెండు ప్రశ్నలు అడగండి. మొదటిది: "కోసే ముందు క్రిటికల్ వ్యూ చూస్తారా?" 1995లో సర్జన్ స్ట్రాస్‌బర్గ్ బృందం చెప్పిన పద్ధతి ఇది. కొవ్వు, పొరలు శుభ్రంగా తీయాలి, సంచి కింది మూడోవంతును కాలేయం నుంచి విడదీయాలి, సంచిలోకి వెళ్లేవి రెండే రెండు (ఒక కాడ, ఒక రక్తనాళం) అని కళ్లారా చూశాకే కత్తెర పెట్టాలి. రెండోది: "అలా కనబడకపోతే ఏం చేస్తారు?" సంచిలో కొంత భాగం లోపలే వదిలేస్తాం, పైపు పెట్టి ఆగుతాం, పొట్ట తెరుస్తాం, సీనియర్‌ని పిలుస్తాం. వీటిలో ఏది చెప్పినా మంచి జవాబే. కెమెరాతో మొదలుపెట్టి మధ్యలో పొట్ట తెరిస్తే ఆపరేషన్ పాడయిందనుకోకండి. చాలాసార్లు నాళాన్ని కాపాడేది ఆ నిర్ణయమే.

## ఇంటికొచ్చాక మొదటి పది రోజులు

ఏది మామూలు నొప్పి, ఏది కాదు? ఎలా తెలుస్తుంది?

నొప్పి ఎంత ఉందన్నదానికన్నా రోజురోజుకూ తగ్గుతోందా లేదా అన్నదే ముఖ్యం. అంతా సవ్యంగా ఉంటే మర్నాటికి లేచి నడుస్తారు, గంజో ఇడ్లీయో తింటారు, మూడో రోజుకి నొప్పి సగం పడుతుంది. బాగుపడుతున్న మనిషి ఒక్కసారిగా వెనక్కి పోతే, అసలు మొదటి నుంచీ తేరుకోకపోతే అనుమానించండి.

పైత్యరసం లోపల కారుతుంటే ప్రతిసారీ ఘోరమైన నొప్పే రావాలని లేదు. చాలామందిలో మొదట కనబడేవి చిన్నచిన్న సంగతులే: పొట్ట ఉబ్బరం, తిండి మీద అయిష్టం, వికారం, నాడి వేగంగా కొట్టుకోవడం, లేచి కూర్చోవాలన్నా ఓపిక లేకపోవడం. ఇవి గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుంటూ నాలుగైదు రోజులు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ. ఆ నాలుగైదు రోజుల్లో లోపల చేరిన పైత్యరసానికి చీము పడుతుంది.

చలితో జ్వరం, ఆగని వాంతులు, కళ్లు పచ్చబడటం, మూత్రం టీ డికాక్షన్ రంగులోకి రావడం, కోసిన చోట గుడ్డ పచ్చగా తడవడం. వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. కుట్లు తీసే రోజు దాకా ఆగొద్దు.

కుడి భుజం లాగేస్తంది. ఇది కూడా అదేనా?

సాధారణంగా కాదు. కెమెరా కోసం పొట్టలో నింపిన గ్యాస్ మిగిలి భుజం లాగుతుంది, నడుస్తూ ఉంటే రెండు మూడు రోజుల్లో పోతుంది. అయిదో రోజుకీ ఉండి, జ్వరమో ఉబ్బరమో తోడైతే స్కాన్ తీయించాలి.

డ్రెయిన్ పైపులో పచ్చగా వస్తంది. ఏటి అర్థం?

మొదటి రోజు ఎర్రగా, తర్వాత పలచటి గులాబీ రంగులో, ఆపైన లేత గడ్డిరంగు నీరులా రావడం మామూలు. ముదురు పసుపు, పసుపు కలిసిన ఆకుపచ్చ, ఆవాల నూనెలా జిగటగా ఉంటే అది పైత్యరసమే అయ్యుండొచ్చు. అనుమానం తీరాలంటే ఆ నీటిలో బిలిరుబిన్ (పైత్యరసానికి పసుపు రంగునిచ్చే పదార్థం) పరీక్ష చేయించాలి. రక్తంలో ఉన్నదానికి మూడు రెట్లు గానీ అంతకుమించి గానీ ఉంటే లీకే. రోజూ తగ్గుతూ రెండు మూడు రోజుల్లో ఆగిపోయే చిన్న లీకులున్నాయి. తగ్గకపోయినా, పెరిగినా ఊరుకోకూడదు. పైత్యరసం బయటికి రావడం చూసి హడలిపోతారు గానీ, లోపల నిల్వ ఉండటం కన్నా పైపులోకి రావడమే మేలు. ఆ స్థితిలో "పైపు తీసేయండి" అని మీరు తొందరపెట్టకండి.

అమ్మకి ఆపరేషన్ అయ్యి ఆరు రోజులైంది, కళ్లు పచ్చబడ్డాయి. పచ్చకామెర్లకి పసరు మందు పోయించొచ్చా?

వద్దు. చెయ్యి కాల్పించడమూ వద్దు. ఆపరేషన్ తర్వాత వచ్చే ఈ పచ్చదనం సాధారణంగా కాలేయానికి వైరస్ సోకి వచ్చేది కాదు, ఎక్కువగా పైత్యరసం దారి మూసుకుపోయి వచ్చేది. పసరు ఎంత పోసినా మూసుకున్న దారి తెరుచుకోదు. పైగా దారి మూసుకున్న కామెర్లలో విటమిన్ కె ఒంటికి పట్టక రక్తం గడ్డకట్టడం తగ్గుతుంది, కాల్చిన పుండు చీము పట్టే ప్రమాదం సరేసరి. ఉదయం మూత్రం రంగు, విరేచనం రంగు చూడండి. మూత్రం ముదురుగా, విరేచనం సుద్ద రంగులో ఉంటే దారి మూసుకున్నట్టే లెక్క.

కారణం ప్రతిసారీ నాళం తెగడమే కాదు. ముందునుంచీ పెద్ద నాళంలో దాగిన రాయి అడ్డం పడ్డా ఇలాగే ఉంటుంది, దాన్ని ఎండోస్కోపీతో తీసేయొచ్చు. సీతంపేట వైపు సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తకణాల జబ్బు) ఉన్నవాళ్లలో రక్తకణాలు పగిలి కూడా కళ్లు పచ్చబడతాయి, అప్పుడు పెరిగేది ఇండైరెక్ట్ బిలిరుబిన్. ఏదన్నది రక్తపరీక్ష, స్కాన్ చెప్పాలి.

ముందు ఏ ఆస్పత్రికి పోవాలి?

ఆపరేషన్ చేసిన సర్జన్‌గారికి ఫోన్ చేసి, ఆయన దగ్గరికే ముందు వెళ్లండి. లోపల ఏం జరిగిందో ఆయనకే తెలుసు. లీకు అని తేలితే ఈఆర్‌సీపీ (నోట్లోంచి గొట్టం పంపి పైత్యనాళానికి చేసే వైద్యం) చేసే గ్యాస్ట్రో డాక్టరు, స్కాన్ చూస్తూ పైపు వేసే రేడియాలజిస్టు, కాలేయం-పైత్యనాళాల ఆపరేషన్లలో ఆరితేరిన సర్జన్ ముగ్గురూ ఒకే కప్పు కింద ఉన్నచోటు కావాలి. విజయనగరం నుంచి విశాఖ సుమారు 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి సుమారు 110. ఇచ్ఛాపురం, కంచిలి వాళ్లకి బరంపురం దగ్గర, అక్కడి బోధనాసుపత్రి కూడా ఆలోచించొచ్చు. ఎక్కడికైనా బయల్దేరే ముందు ఫోన్ చేసి "ఈఆర్‌సీపీ ఈ రెండు రోజుల్లో చేస్తారా?" అని అడగండి. జ్వరం, బీపీ పడిపోవడం ఉంటే సెలైన్, మొదటి డోసు యాంటీబయాటిక్ మీరున్న ఆస్పత్రిలోనే ఎక్కించి 108లో పంపించమనండి. దారిలో గడిచే గంటలు కూడా వైద్యంలోకే లెక్కకు రావాలి.

## పరీక్షలు

స్కానింగ్‌లో "కొంచెం నీరు ఉంది" అన్నారు. భయపడాలా?

సంచి ఉన్న చోట కాస్త నీరు చేరడం ఆపరేషన్ తర్వాత మామూలే. మనిషి బాగుంటే దానికి వైద్యం అక్కర్లేదు. మనిషి నీరసించి, జ్వరంగా ఉండి, నీరు పెరుగుతుంటే ఆ నీటిని సూదితో తీసి చూడాలి. అల్ట్రాసౌండ్‌తో నీరు ఉందని తెలుస్తుంది గానీ అది రక్తమా, చీమా, పైత్యరసమా అన్నది తేలదు.

ఎమ్మార్‌సీపీ, ఈఆర్‌సీపీ రెండూ ఒకటేనా? రెండుసార్లు డబ్బులెందుకు?

ఒకటి కాదు. ఎమ్మార్‌సీపీ అంటే ఎమ్మారై మిషన్‌లో పడుకోబెట్టి తీసే బొమ్మ. నాళం ఎక్కడ తెగింది, ఎక్కడ మూసుకుంది, పైన కాలేయంలోని కొమ్మలు ఎలా ఉన్నాయి అన్నది చూపిస్తుంది. కత్తి, గొట్టం ఏమీ ఉండవు. సంచి తీసినప్పుడు వేసిన టైటానియం క్లిప్పులు ఉన్నా తీయొచ్చు. ఈఆర్‌సీపీ అంటే నోట్లోంచి గొట్టం చిన్నపేగు దాకా పంపి, నాళం మూతిలోంచి లోపలికి వెళ్లి, స్టెంట్ (నాళంలో ఉంచే చిన్న గొట్టం) వేసే వైద్యం. దీనివల్ల నూటికి 3 నుంచి 10 మందికి క్లోమం వాస్తుంది, కాబట్టి బొమ్మ కోసమే దాన్ని చేయరు. ముందు బొమ్మ చూసి, అవసరమైతేనే గొట్టం.

పెద్ద నాళం తెగినచోట కాలేయానికి వెళ్లే కుడి రక్తనాళం కూడా దెబ్బతిని ఉండొచ్చు. అందుకే రక్తనాళాలు కనబడేలా మందు ఎక్కించి సీటీ స్కాన్ కూడా తీస్తారు.

మాది ఉద్దానం. నాన్నకి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ముందే ఎక్కువ. ఈ పరీక్షలు, మందులు తట్టుకుంటాడా?

ఈ మాట వైద్యులు అడిగేదాకా ఆగకుండా మీరే మొదట చెప్పాలి. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస నుంచి వచ్చేవాళ్లు పాత క్రియాటినిన్ కాగితాలు వెంట తెచ్చుకోండి. పైత్యరసం లీకు, చీము, వాంతులు మూడూ కిడ్నీని దెబ్బతీసేవే. వాటికి తోడు ఆస్పత్రిలో ఇచ్చేవాటిలో కొన్ని భారం పెంచుతాయి. సీటీలో ఎక్కించే మందు గురించి ముందే కిడ్నీ డాక్టరుతో మాట్లాడించాలి. ఎమ్మార్‌సీపీకి ఆ మందు అక్కర్లేదు, నాళం చూడటానికి అది చాలు. నొప్పికి డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వద్దని చెప్పండి. ఈఆర్‌సీపీ అప్పుడు క్లోమం వాపు రాకుండా మలద్వారంలో పెట్టే మందు కూడా డైక్లోఫినాక్ కావచ్చు, అది మరిచిపోతారు. అమికాసిన్, జెంటామైసిన్ ఇంజెక్షన్లకు బదులు వేరే యాంటీబయాటిక్ ఉందేమో అడగండి.

ఇంకొకటి. నీరసం అనగానే ఉద్దానంలో కొబ్బరిబొండం కొట్టి ఇస్తారు. కిడ్నీ సరిగా పనిచేయని మనిషికి అందులోని పొటాషియం ప్రమాదం, గుండె లయ తప్పొచ్చు. రక్తంలో పొటాషియం చూడకుండా ఇవ్వకండి.

## వైద్యం

కోయకుండా ఒక ప్లాస్టిక్ గొట్టం పెడితే లీకు ఎలా ఆగుతుంది?

పెద్ద నాళం చివర, పేగులోకి తెరుచుకునే చోట, ఒక కండరం బిగించి ఉంటుంది. ఆ బిగువు వల్ల లోపల ఒత్తిడి ఉండి, పైత్యరసం చిల్లులోంచే బయటికి పోతుంది. ఈఆర్‌సీపీలో ఆ కండరాన్ని కొద్దిగా కోసి, స్టెంట్ పెడితే రసం తేలికైన దారి పట్టి పేగులోకి దిగుతుంది, చిల్లు తనంతట తనే మానుతుంది. కాడ దగ్గరి లీకులు, చిన్న నాళాల లీకులు నూటికి తొంభైకి పైగా ఇలాగే మానుతాయి. ముందే పొట్టలో చేరిన రసానికి మాత్రం విడిగా పైపు వేయాలి. దాన్ని వదిలేసి స్టెంట్ ఒక్కటే వేస్తే జ్వరం తగ్గదు.

నాళం తెగింది. ఇక్కడే మళ్లీ పొట్ట తెరిచి కుట్టేస్తామంటున్నారు. ఒప్పుకోవాలా?

పైత్యనాళాన్ని మొదటిసారి బాగుచేసేటప్పుడే మంచి ఫలితానికి అవకాశం ఎక్కువ. ఒకసారి కుట్టి విఫలమైతే మిగిలే నాళం ఇంకా పొట్టిగా, మచ్చ కట్టి, కాలేయం లోపలికి జరిగిపోతుంది. తర్వాత చేసేవాళ్లకి పట్టుకోవడానికి కూడా ఏమీ మిగలదు. కాబట్టి "ఇలాంటివి మీరు ఎన్ని చేశారు?" అని అడగడంలో తప్పులేదు. చేసిన అనుభవం లేకపోతే వాళ్లు చేయగలిగిన మేలు ఒకటే: పొట్ట కడిగి, మంచి పైపు పెట్టి, కాగితాలతో సహా పెద్ద చోటికి పంపడం. నిజాయితీగల సర్జన్ ఆ మాట తనే అంటాడు.

ఆపరేషన్ బల్ల మీదనే దెబ్బ గుర్తుపట్టి, అనుభవమున్న సర్జన్ అక్కడే ఉంటే వెంటనే బాగుచేయడం మంచిదే. పూర్తిగా తెగిన నాళం రెండు కొసలనూ తిరిగి కలిపి కుట్టేస్తే మాత్రం, చాలామందిలో ఆ అతుకు తర్వాత సన్నబడుతుంది.

నాళం తెగిందని తెలిసీ రెండు మూడు నెలలు ఆగమంటారేం?

వాచిన, పైత్యరసంలో నానిన కణజాలంలో కుట్టు నిలవదు, తడిసిన కాగితం మీద కుట్టినట్టే. పైపులతో రసం బయటికి తీస్తూ, చీము ఎండబెట్టి, ఒంట్లో ప్రొటీన్ పెరిగాక, సాధారణంగా 6 నుంచి 12 వారాలకు చేస్తారు. దాన్ని వైద్యం ఆగినట్టు అనుకోవద్దు. ఆ వారాల్లో తిండి, పైపు సంరక్షణ సరిగా జరిగితే ఆపరేషన్ సగం గెలిచినట్టే.

పేగుతో కలుపుతామంటే ఏం చేస్తారు?

చిన్నపేగులో ఒక చోట కోసి, 40 నుంచి 60 సెంటీమీటర్ల పేగు పాయను కాలేయం దగ్గరికి తెచ్చి, ఆరోగ్యంగా ఉన్న నాళం నోటికి సన్నని, కరిగిపోయే దారంతో కుడతారు. పాయ అంత పొడవు ఉంచేది తిన్న ఆహారం వెనక్కి ఎగదన్ని నాళంలోకి పోకుండా. పేరు హెపాటికోజెజునాస్టమీ. వారం పది రోజులు ఆస్పత్రిలో ఉండాలి. దీని తర్వాత మామూలు ఈఆర్‌సీపీ గొట్టం నాళం దాకా చేరడం కష్టం, కాబట్టి ఏ ఎండోస్కోపీ డాక్టరు దగ్గరికెళ్లినా ఈ ఆపరేషన్ సంగతి మొదటే చెప్పండి.

## పైపుతో ఇంట్లో

పైపు, దానికి తగిలించిన సంచి రోజూ ఎలా చూసుకోవాలి?

ఒక నోటుబుక్కులో తేదీ, సంచిలో ఎంత, ఏ రంగు, జ్వరం ఎంత, మూత్రం ఎంత అని అయిదు గళ్లు గీయండి. రోజూ ఒకే వేళకి, ఉదయం ఆరింటికి అనుకుందాం, కొలపాత్రలో పోసి మిల్లీలీటర్లలో రాయండి. సంచి మీది గీతలను నమ్మకండి, సంచి ముడతలు పడితే లెక్క తప్పుతుంది. సగం నిండగానే ఖాళీ చేయండి, బరువుకి పైపు లాగుతుంది. సంచి ఎప్పుడూ నడుము కిందే ఉండాలి. ఆటోలో, బస్సులో ఒడిలో పెట్టుకుంటే రసం వెనక్కి పోతుంది. పైపును చర్మానికి ఒక చోట, మళ్లీ నాలుగు వేళ్ల దూరంలో ఇంకోచోట ప్లాస్టర్ వేస్తే చీర కొంగు తగిలినా కుట్టు మీద లాగు పడదు. సెలైన్‌తో పైపు కడగమని చెప్తే చెప్పినంతే, సాధారణంగా 5 నుంచి 10 మిల్లీలీటర్లు, మెల్లగా తోయండి. బిగువుగా ఉంటే బలవంతం చేయకండి.

రోజూ 300 వచ్చేది ఒక్కసారిగా 20కి పడి, జ్వరం వచ్చిందంటే మానిందని సంతోషించకండి. పైపు మూసుకుంది. తాజా రక్తం కనబడితే ఇంక కొలతలూ రాతలూ లేవు, నేరుగా అత్యవసర విభాగానికి.

పైపు ఊడిపోయింది. తిరిగి దోపెయ్యనా?

వద్దు. కన్నం మీద శుభ్రమైన గాజుగుడ్డ పెట్టి, ఊడిన పైపు కవర్లో వేసుకుని ఆ రోజే వెళ్లండి. దారి కొన్ని గంటల్లోనే మూసుకోవడం మొదలవుతుంది.

రసమంతా సంచిలోకి పోతుంటే ఏం తినాలి?

సంచిలోకి పోయేది ఒట్టి రంగు నీరు కాదు. అందులో ఉప్పు, బైకార్బనేట్ పోతున్నాయి. రోజుకు 500 మిల్లీలీటర్లు దాటితే రక్తంలో సోడియం, క్రియాటినిన్ వారానికొకసారైనా చూడాలి. పోయిన మేరకు ఓఆర్ఎస్ తాగాలి, ఒక పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లలో. ప్యాకెట్ మీద రాసినదానికన్నా పలచగానో చిక్కగానో కలపకండి. కిడ్నీ జబ్బు ఉంటే ఎంత తాగాలో డాక్టరుగారు చెప్పాలి.

పైత్యరసం పేగుకి అందకపోతే కొవ్వు అరగదు. విరేచనం తెల్లగా, జిడ్డుగా, నీటి మీద తేలుతుంది. అలాంటప్పుడు వేపుళ్లు, జీడిపప్పు కూరలు తగ్గించండి. చోడి అంబలి, గంజన్నం, పలచటి మజ్జిగ, పప్పు, గుడ్డు తెల్లసొన, పులుసులో ఉడికించిన చేప కొంచెం కొంచెంగా ఆరుసార్లు పెట్టండి. మజ్జిగా గంజీ మాత్రమే పోస్తూ మనిషిని ఎండబెట్టడం మన ఇళ్లలో తరచూ జరిగే తప్పు. కుట్టు మానాలంటే ప్రొటీన్ కావాలి. విటమిన్ ఎ, డి, ఇ, కె నాలుగూ తగ్గుతాయి గనక మందులు రాస్తారు. చిగుళ్ల నుంచి రక్తం, ఊరికే కమిలిన మచ్చలు కనబడితే ఐఎన్ఆర్ (రక్తం సరిగా గడ్డకడుతోందా అని చూసే) పరీక్ష చేయించండి.

## కోలుకున్నాక

స్టెంట్ వేసి నాలుగు వారాలైంది, బాగానే ఉన్నాడు. తీయించకపోతే ఏమవుతుంది?

ప్లాస్టిక్ స్టెంట్ సాధారణంగా 4 నుంచి 8 వారాలకు తీయాలి. మూడు నెలలు దాటితే లోపల మడ్డి పేరుకుని మూసుకుపోతుంది. అప్పుడు చలిజ్వరం, కామెర్లు మళ్లీ వస్తాయి, ఆ చీము రక్తంలోకి పాకితే ప్రాణాపాయం. డిశ్చార్జి కాగితంలో స్టెంట్ తీసే తేదీ ఎర్ర పెన్నుతో రాయించుకోండి. ఇంట్లో క్యాలెండర్ మీద కూడా రాయండి. బాగుండటం వల్లే మరిచిపోతారు.

ఆర్నెల్ల తర్వాత ఒళ్లంతా దురద. చర్మం డాక్టరుకి చూపించాలా?

ముందు ఎల్ఎఫ్‌టీ (కాలేయం పనితీరు చూసే రక్తపరీక్ష) చేయించండి. అరచేతులు, అరికాళ్లు రాత్రుళ్లు ఎక్కువ దురద పెడుతుంటే అది నాళం సన్నబడుతున్న మొదటి గుర్తు కావచ్చు. కళ్లు పచ్చబడే ముందే ఆ పరీక్షలోని ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరుగుతుంది.

ఎన్నేళ్లు చెకప్‌కి తిరగాలి?

పెద్ద నాళం బాగుచేయించుకున్నవాళ్లు మొదటి ఏడాది మూడు నెలలకోసారి, తర్వాత ఆర్నెల్లకు, ఆపైన ఏడాదికోసారి ఎల్ఎఫ్‌టీ, అవసరమైతే స్కాన్ చేయించాలి. సన్నబడటం ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలో బయటపడుతుంది, కానీ పదేళ్ల తర్వాత వచ్చినవాళ్లూ ఉన్నారు. వదిలేస్తే కాలేయం గట్టిపడి సిర్రోసిస్ దాకా పోతుంది. వేళకి పట్టుకుంటే బెలూన్‌తో వెడల్పు చేయడంతోనే చాలామందికి తీరిపోతుంది.

కొబ్బరి చెట్లెక్కే పని. ఎప్పటికి వెళ్లొచ్చు?

స్టెంట్‌తో మానిన చిన్న లీకు అయితే స్టెంట్ తీసి, రక్తపరీక్ష బాగున్నాక. పొట్ట తెరిచి పేగు కలిపితే కనీసం మూడు నెలలు చెట్టు, బస్తా రెండూ వద్దు. కుట్టు దగ్గర కండరం అంతకుముందు పట్టు ఇవ్వదు, హెర్నియా దిగుతుంది.

ఇది డాక్టరు తప్పేనా? కాగితాలు ఇవ్వమంటే రేపు మాపు అంటన్నారు.

నాళానికి దెబ్బ తగలడం ఎంతో అనుభవమున్న చేతుల్లోనూ జరుగుతుంది, అదొక్కటే నిర్లక్ష్యానికి రుజువు కాదు. రోగి చెప్పే బాధను పట్టించుకోకపోవడం, తెలిసీ దాచడం, పంపవలసిన చోటికి పంపకపోవడం వేరే సంగతి. కోపం ఉన్నా ముందు వైద్యం నడవాలి, దానికి కాగితాలు కావాలి. రోగి గానీ, రోగి అధికారమిచ్చిన మనిషి గానీ రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. దరఖాస్తు రెండు కాపీలు రాసి, ఒకదాని మీద తేదీతో సంతకం తీసుకోండి. ఆపరేషన్ నోట్సు, డిశ్చార్జి సమ్మరీ, రక్తపరీక్షలు, స్కాన్ ఫిల్ములు లేదా సీడీ, ఉంటే ఆపరేషన్ వీడియో, గాల్ బ్లాడర్ బయాప్సీ రిపోర్టు అడగండి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే, కొత్త ఆస్పత్రిలో చేరే ముందే అక్కడి ఆరోగ్యమిత్రను ఈఆర్‌సీపీ, స్టెంట్ తీయడం, పేగు కలిపే ఆపరేషన్ మూడూ విడివిడిగా పేరు చెప్పి అడగండి. ఒకటి వర్తిస్తే మిగతావీ వర్తిస్తాయని అనుకుని సంతకం పెట్టకండి.